ఏట్లో పడ్డ బంతి

నెస్టాకు,

నా రాత కోడిగీతల్లా ఉంటుంది, తప్పులూ ఉంటాయి, ఏమనుకోకు. నేను క్షేమం. మన అమ్మాయి లోరీ, పసిబిడ్డ ఎలా ఉన్నారు?

శనివారం ఫుట్‌బాల్ కప్పు మ్యాచి మన ఊళ్ళోనే జరిగింది. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా మనం ఒక గోలు ముందున్నాం. అప్పుడు బంతి మైదానం పక్క ఏట్లో పడింది. ఎప్పటిలాగే వలకర్ర పట్టుకుని ఒడ్డున నేనే ఉన్నాను. "నింపాదిగా తియ్యి మామా, చేపలు కూడా పట్టుకురా" అని మనవాళ్ళు కేకేశారు. బంతి లోపలికి విసరాల్సిన అవతలి జట్టు కుర్రాడు నా ముఖంలోకి చూశాడు, పాపం, ఏడుపొక్కటే తక్కువ. నా చెయ్యి ఆగలేదు. మోకాలిలోతు నీళ్ళలో దిగి చప్పున అందించాను. దాంతోనే వాళ్ళు గోలు కొట్టి సమం చేశారు. వచ్చే శనివారం వాళ్ళ ఊళ్ళో మళ్ళీ ఆడాలి, ఓడితే ఈ ఏడాదికి కప్పు లేనట్టే.

ఆట అయ్యాక టీ దగ్గర నాతో ఎవరూ మాట్లాడలేదు. ఆదివారం చాపెల్లో ప్రార్థనప్పుడు కూడా అంతే. నిన్న కెప్టెన్ ఎమ్రిస్ గుమ్మంలోకి వచ్చి, "శనివారం పొద్దున్నే బస్సు. వల తెచ్చుకో" అన్నాడు.

"అక్కడ ఏరు లేదు కదా నాయనా" అన్నాను.

"లేకపోతేనేం, నువ్వు లేకుండా ఎప్పుడన్నా ఆడామా? ఈసారి మాత్రం వాళ్ళ ముఖాలు చూడకు, చాలు" అన్నాడు.

నా బూట్లు ఇంకా ఆరలేదు. పాత జత ఎక్కడ పెట్టావు? ఉన్ని మేజోళ్ళు కూడా కనబడలేదు. బిడ్డకు తాత ముద్దులు. బస్సు రోజుకు ముందే అందేలా జవాబు రాయి.

నీ గెతిన్