బఠాణి పంజరం

నరసరావుపేట

చిరంజీవి భవితకు నాయనమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ మీ అమ్మ, నాన్న, నేను బాగున్నాం. హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న అందింది. నా మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు, నాకూ దానికీ అలవాటైపోయింది. మన కొట్టు ముందు కాలవ తవ్వి వదిలేశారు. మీ నాన్న రోజూ చెక్క పలక మీద నుంచి దాటుతూ మునిసిపాలిటీని తిడుతున్నాడు.

అమ్మ ఎట్లా ఉందని మాత్రం నువ్వు అడగలేదు. ఆదివారం ఫోన్లో కూడా ఆమె గొంతు వినగానే నాన్నకివ్వమంటున్నావు. అమ్మ కిటికీ వేయడం మరిచినందువల్లే నీ లవ్‌బర్డ్ బఠాణి ఎగిరిపోయిందని నీకు కోపం. అది చూసి నాకు ముద్ద దిగడం లేదు.

పంజరం తలుపు తీసి డాబా మీద పెడితే కొర్రలు చూసి బఠాణి తిరిగొస్తుందని రాశావు. అమ్మ పెడుతోంది. పొద్దున్నే పొట్టు ఊది, కొత్త గింజలు పోసి, నీళ్లు మారుస్తోంది. పిచుకలు వచ్చి తిని పోతున్నాయి.

కోపం నా మీద పెట్టుకో తల్లీ. బఠాణి ఎగిరిపోలేదు. చనిపోయింది. నా వల్లే చనిపోయింది.

శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినవాళ్లంతా దాని చుట్టూ మూగారు. ఎంత పచ్చగా ఉందో అని ఒకరు, ఎంత బాగా కూస్తుందో అని ఇంకొకరు. తెల్లారి అది రెక్కలు ఉబ్బించుకుని మూల కూర్చుంది, గింజ ముట్టలేదు. చిన్నప్పుడు నువ్విట్లా మూడంకె వేసుకుని పడుకుంటే దిష్టి తీసేదాన్ని. కాసేపటికి లేచి అన్నం అడిగేదానివి. దీనికీ తీశాను. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి పంజరం చుట్టూ తిప్పి, ధూపం గిన్నెలో నిప్పుల మీద వేశాను. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే కదా అని ఇంకో గుప్పెడు వేశాను. బయట వాన, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఒక్కసారిగా పొగ కమ్మింది. దగ్గుకుంటూ వెళ్లి తలుపు తీసి వచ్చేసరికి అది పంజరం అడుగున నోరు తెరుచుకుని పడి ఉంది. దోసిట్లోకి తీసుకున్నాను. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

వెళ్లేటప్పుడు నువ్వు ఎన్నో జాగ్రత్తలు చెప్పావు. ఫ్యాన్ ఆపాకే బయటికి వదలమన్నావు, బకెట్‌కు మూత పెట్టమన్నావు, దోమల కాయిల్ వెలిగించొద్దన్నావు. అన్నీ పాటించాను. దిష్టి మిరపకాయల సంగతి నీకు తట్టలేదు, నాకూ తోచలేదు. పక్షుల ఊపిరికి ఏ పొగా పడదని పశువుల డాక్టరు తర్వాత చెప్పాడు.

మీ అమ్మ కొట్టు నుంచి వచ్చి చూసింది. నీ పాత కర్చీఫ్‌లో చుట్టి, పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో తనే పాతిపెట్టింది. నీకు నిజం చెబుతానంటే ఒప్పుకోలేదు. "మీరని తెలిస్తే ఆ పిల్ల మీ మొగం చూడదత్తయ్యా. నేనంటే కన్నదాన్ని, నా మీద కోపం ఎన్నాళ్లుంటదిలే," అంది. నేను ఊరుకున్నాను. సిగ్గు లేకుండా ఊరుకున్నాను.

ఆ ఖాళీ పంజరానికి ఇవాళ కూడా నీళ్లు మార్చింది. చాలించమంటే, పిల్ల అడిగింది కదా అంటోంది. నా మాట వినడం లేదు. ఈ ఆదివారం ఫోన్ అమ్మకే ఇమ్మని అడుగు. ఇక గింజలు పోయొద్దని నువ్వే చెప్పు.

ఇట్లు,
నువ్వు మాట్లాడకపోయినా నీ నాయనమ్మ,
సుందరమ్మ