లోన్జో బావ గొంతు

జూలై 9, 1963. మంగళవారం
ఒహాయో నుంచి ఒక తెల్లాయన దిగాడు. పేరు హాల్‌స్టెడ్. లోన్జో బాటిల్ ఇల్లెక్కడని ఊరంతా అడుగుతూ తిరిగాడట. ఆయన మా బావ, పోయి ఇరవై ఏళ్లయిందన్నాను. 1930లో మెంఫిస్ హోటల్ గదిలో, రికార్డు కంపెనీవాళ్ల ముందు పాడి, బావ ఒకే ఒక్క రికార్డు ఇచ్చాడు. ఎర్ర లైటు వెలిగితే ఆపాలన్నారట. బావకి ఆపడం ఎప్పుడూ చేతకాలేదు, పాటయినా, మందయినా. ఆ రికార్డు కోసం ఈయన ఏళ్లుగా వెతుకుతున్నాడట. ఎక్కడా లేదట.

బావ భార్య, మా ఒడెస్సా అక్క దగ్గరికి తీసుకెళ్లాను. టోపీ తీసి, "అమ్మా" అన్నాడు. మిసిసిపీలో తెల్లవాడు అక్కని అమ్మా అనడం ఇదే మొదలు. ఎదురింటివాళ్లు ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చారు. అక్క మాత్రం, రికార్డూ లేదు గికార్డూ లేదు, కాస్త మజ్జిగ తాగి వెళ్లు నాయనా అంది.

జూలై 10
అక్క అబద్ధమాడింది. తనే ఒప్పుకుంది. పోయిన మనిషి చివరగా వాడిన వస్తువులు పగలగొట్టి సమాధి మీద పెట్టాలి. లేకపోతే ఇంట్లోంచి ఇంకొకరిని పిలుచుకుంటాడంటారు మావాళ్లు. బావ కప్పు, గడియారం, మందుసీసా అన్నీ పగలగొట్టింది. చివరి రోజు ఆయన విన్న రికార్డు మాత్రం ట్రంకు పెట్టె అడుగున దాచింది. ఆయన గొంతు నా చేతుల్తో ఎట్లా పగలగొట్టేదిరా అంటుంది. ఆ తర్వాతే కొడుకు పోయాడు, ఆ వెనకే కోడలు. ఇప్పుడు మనవరాలు వెర్నెల్ జాక్సన్ ఆసుపత్రిలో, నల్లవాళ్ల వార్డులో, దిగని జ్వరంతో పడి ఉంది.

నవ్వబోయాను. అక్క మొహం చూసి మానేశాను. ముందు ఆ తెల్లాయన్ని పాట టేపులోకి ఎక్కించుకోనియ్యి, తర్వాత నీ ఇష్టం అన్నాను. సరేనంది. శనివారం టేపు మిషను తెస్తానన్నాడు హాల్‌స్టెడ్.

జూలై 12
జాక్సన్ నుంచి కబురు: పిల్లకు మాట పడిపోయింది. అక్క శనివారం దాకా ఆగలేదు. సమాధి దగ్గరికి వెళ్లి ఇటుకతో రికార్డు పగలగొట్టింది.

జూలై 13
హాల్‌స్టెడ్ సమాధి ముందు కూలబడ్డాడు. బొమ్మ విరగ్గొట్టుకున్న పిల్లాడిలా ముక్కకి ముక్క ఆనించి చూశాడు. అన్నీ ఉన్నచోటే ఉంచండి, ఒక్కటి తగ్గినా అక్క బతకనివ్వదన్నాను. తలూపాడు.

మా ఆయన పాట నీకెందుకయ్యా అని అడిగింది అక్క. ఎవరి దగ్గరా లేదు కాబట్టి అన్నాడు. ఇప్పుడు నా దగ్గరా లేదుగా అంది.

ఆ పాట నాకొచ్చనుకున్నాను. వరండాలో కూర్చుని పాడి చూశాను. రెండో చరణంలో బావ మాటలకు బదులు నా మాటలు పడుతున్నాయి.

జూలై 16
వెర్నెల్ కళ్లు తెరవలేదు. అక్క ముక్కలన్నీ సమాధి మీద గుండ్రంగా పేర్చింది. ఒకటి తక్కువ.

నాకిలాంటి నమ్మకాలు లేవు. ఒహాయోకి టెలిగ్రాం ఇచ్చాను.

జూలై 22
ముక్క పోస్టులో వచ్చింది, పత్తిలో చుట్టి, జాగ్రత్తగా. వెర్నెల్ శవపేటికకు అప్పటికే మేకులు కొట్టేశారు.

అక్క ఆ ముక్కను చెవికి ఆనించుకుని కూర్చుంది. మమ్మల్నందర్నీ మాట్లాడొద్దంది.