ముందే చెప్పిన సాక్ష్యం

ఈస్ట్ హామ్,
22 మే 2025, గురువారం.

ప్రియ కుమారుడు ఫ్రెడీకి,

ప్రభువు పేరిట అమ్మ దీవెనలు. నాన్న, చెల్లి హెప్సి, నేను దేవుని దయవల్ల ఇక్కడ క్షేమం. మాంచెస్టర్‌లో నువ్వూ క్షేమమేనని నమ్ముకుని రోజూ పొద్దున్నే మంచం దిగుతున్నాను.

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే ఒక బొటనవేలు బొమ్మ పంపిస్తావు. కన్నతల్లికి బొటనవేలు చూపించే కొడుకుని నేనింతవరకు ఎక్కడా చూడలేదు బాబూ. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తెలుగు చదవడం మర్చిపోయానని మాత్రం అనకు. తెలుగు బైబిలు ముందు పెట్టి, ఒళ్లో కూర్చోబెట్టుకుని నీకు అక్షరాలు నేర్పింది నేనే.

ముందు కబుర్లు చెబుతాను. మా కేర్ హోమ్‌కి కొత్త మేనేజర్ వచ్చింది. వచ్చీ రాగానే మా డ్యూటీల రోటా అంతా తలకిందులు చేసి కూర్చుంది. హై స్ట్రీట్ కొట్టులో గోంగూర వచ్చింది, వాడిపోయిన కట్టలే అనుకో. అయినా తెచ్చి పచ్చడి నూరాను. నువ్వు లేవు కదా, సీసా ఎంతకీ తరగడం లేదు.

ఇక అసలు సంగతి. హెప్సికి రెండు యూనివర్సిటీల నుంచి ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఎడిన్‌బర్గ్‌లో. రెండోది మన ఇంటి దగ్గరిదే, నువ్వు హిస్టరీ చదివినది. అది కూడా నీలాగే ముందు డిగ్రీ, తర్వాత లా అంటోంది. దాని మనసు ఇంటి దగ్గరి యూనివర్సిటీ మీదే ఉంది. ఇల్లు ఖాళీ చేయమని ఓనరు తరుముతున్నవాళ్లకి, వీసా చిక్కుల్లో పడ్డవాళ్లకి అక్కడి పిల్లలే ఉచితంగా సలహాలు చెబుతారట. దానికి అందులో చేరాలని ఉంది. మీ నాన్న మాత్రం ఎడిన్‌బర్గ్ తప్ప వేరే మాట చెవిన పడనివ్వరు. చిన్న కాలేజీ పేరు కనబడితే పెద్ద లా స్కూల్ వాళ్లు అప్లికేషన్ తెరిచి కూడా చూడరని, ఫ్రెడీ విషయంలో చూశాం కదా, ఇంకా బుద్ధి రాలేదా అని నా మీదే ఎగురుతున్నారు. చెప్పలేదు కదూ, ఈ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, హెప్సిని ఎడిన్‌బర్గ్‌లో, ఆ తర్వాత ఆ పెద్ద లా స్కూల్లో చేర్చిన దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెబుతారట. ఆ పిల్ల ఇంకా ఎటూ తేల్చుకోనే లేదు. ఒకసారి సాక్ష్యం పడిందంటే ఇక దానికి నోరెక్కడిది?

ఆ మాట వింటేనే నాకు నీ సంగతి గుర్తొస్తోంది ఫ్రెడీ. జరిగింది నీకు తెలిసిందే, అయినా నన్నొకసారి చెప్పుకోనీ.

మనవాళ్లకి అది అలవాటే కదా. ఇంకా చేతికి రానిదాన్ని వచ్చినట్టే చెప్పి ముందుగా స్తోత్రం చేస్తే అది విశ్వాసం. నా వీసాకి అలాగే చేశాం, వచ్చింది. ఈ ఇంటికీ అలాగే చేశాం, దొరికింది. నీ డిగ్రీ చివరి ఏడాదిలో మీ నాన్న లేచి, మా అబ్బాయికి దేశంలోకెల్లా గొప్ప లా స్కూల్లో సీటిచ్చిన దేవునికి స్తోత్రం అన్నారు. చర్చి అంతా హల్లెలూయా అంది. రత్నకుమారి ఆంటీ సంతోషం పట్టలేక ఆ వారమే బిరియానీ వండిపెట్టింది. కొన్నాళ్లకి నువ్వొచ్చి, సీటు లేదమ్మా అన్నావు. ఆ ఒక్క మాటే అన్నావు. కాలేజీ పేరు చూసే తోసేశారని మీ నాన్న అన్నారు. నువ్వు కాదనలేదు.

దేవుని ముందు చెప్పిన మాటని వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆయనకి తెలియలేదు. ఎవరైనా అడిగితే బాగా చదువుతున్నాడని చెప్పేశారు. ఒకసారి చెప్పాక రెండోసారి నాలుక తడబడదు. ఆ అబద్ధంలో నేను కూర్చోలేనని నువ్వు సంచి సర్దుకుని వెళ్లిపోయావు. అక్కడ ఏదో సొలిసిటర్ ఆఫీసులో పని చేస్తున్నావని నీ స్నేహితుడు ప్రదీప్ ద్వారా తెలిసింది.

నువ్వు వెళ్లిపోయావు గాని, ఇంకో ఫ్రెడీ ఇక్కడే ఉండిపోయాడు. చర్చిలో అందరికీ తెలిసిన ఫ్రెడీ వాడే. ఆ లా స్కూల్లో చదువుతున్నాడు, తీరిక లేక ఇంటికి రావడం లేదు. బుధవారం స్త్రీల కూడికలో వాడి పరీక్షల కోసం ప్రార్థన చేస్తారు. కళ్లు మూసుకుని నేను కూడా ఆమెన్ అంటాను. పోయిన వారం రత్నకుమారి ఆంటీ వాడి గ్రాడ్యుయేషన్ ఎప్పుడని అడిగింది. జూలైలో అని టక్కున చెప్పేశాను. ఎలా వచ్చిందో ఆ మాట! ఆరాధన జరుగుతుంటే వాడు నల్లకోటు వేసుకుని నా పక్క కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది. అటు తిరిగి చూడను. చూస్తే నీ ముఖమే కనబడుతుందని భయం. కన్నకొడుకు నిక్షేపంలా బతికుండగా వాడి దయ్యం నన్ను పట్టుకుంది నాన్నా.

అది చాలదన్నట్టు ఇంట్లో ఇంకొకటి మొదలైంది. నవ్వకు. సాయంత్రం పూట నీ గదిలోంచి నీ గొంతు వినిపిస్తోంది. వంటింట్లో ఫ్యాన్ ఆపితే పైనుంచి సన్నగా వస్తుంది. మాటలు తెలియవు గాని ఆ వరస నీదే. డిబేట్ పోటీలకి తయారయ్యేటప్పుడు ఒక మాట అని, ఆగి, మళ్లీ అందుకునేవాడివి చూడు, అచ్చం అలాగే. మొదటిసారి విన్నప్పుడు చేతిలో గరిటె కింద పడేశాను. హెప్సి ఏదని మీ నాన్నని అడిగితే, లైబ్రరీకి వెళ్లిందన్నారు. మరి పైన ఎవరు ఫ్రెడీ?

మీ నాన్న సంగతి ఇంకా భయంగా ఉంది. బస్సు నడిపే డ్యూటీని సాయంత్రం నుంచి పొద్దుటికి మార్పించుకున్నారు. ఆ గొంతు మొదలయ్యే వేళకి వెళ్లి మెట్ల మీద, నీ గది దగ్గర కూర్చుంటారు. గోడకి తల ఆనించి, కళ్లు మూసుకుని. ఒకరోజు నేను పైకి రాబోతే చెయ్యెత్తి ఆపేశారు. ఏమిటండీ అది అంటే, ఏమీ లేదు, నువ్వు కిందికి వెళ్లు అన్నారు. జీపీ డాక్టరు దగ్గరికి వెళదామంటే కసురుకున్నారు. ఆయనకి మతి చలించిందో, నాకు చలించిందో తెలియడం లేదు. పాస్టరమ్మతో చెబుదామంటే, లా స్కూల్లో ఉన్న ఫ్రెడీ ఇంట్లో దయ్యమై ఎలా తిరుగుతున్నాడో కూడా చెప్పాలి కదా. ఎవరితో చెప్పుకోను?

అందుకే నిన్ను బతిమాలుతున్నాను. ఈ ఉత్తరం శనివారానికి నీకు అందుతుంది. ఆదివారం పదకొండుకి ఆరాధన. నువ్వొచ్చి ఆయన పక్కన కూర్చుంటే చాలు, ఆయన లేవరు. నిన్ను పక్కన పెట్టుకుని ఆ సాక్ష్యం చెప్పే ధైర్యం ఆయనకి లేదు. రావడం కుదరకపోతే ఒక్క ఫోనైనా చెయ్యి. నీ మీద పడ్డ బరువు చెల్లెలి మీద పడకూడదు.

వేళకి తిను. చలికి చెవులు కప్పుకో.

నీ కోసం కళ్లల్లో వత్తులు వేసుకుని చూసే
అమ్మ,
ఎస్తేరు.

తా.క. కవరు అంటించబోతుంటే మళ్లీ నీ గొంతు వినబడింది. యేసు రక్తమే జయం అనుకుంటూ ఈసారి పైకెక్కేశాను. మీ నాన్న చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. తలుపు ఓరగా ఉంది. నీ మంచం మీద హెప్సి, దాని ఒళ్లో ఫోన్, అందులో నువ్వు. నేను కేక పెట్టబోతే మీ నాన్న నా నోరు మూసి కిందికి తీసుకొచ్చారు. వంటింట్లో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నువ్వు చెల్లితో రోజూ మాట్లాడుతున్నావని ఆయనకి మొదటినుంచీ తెలుసట. నాకు చెబితే పరుగెత్తుకెళ్లి ఫోన్ లాక్కుంటానని చెప్పలేదట. నిజమే, లాక్కునేదాన్నే.

నువ్వు ఇవాళ దానితో అన్నది కూడా ఆయన విన్నారు. ఏ లా స్కూలూ నీ కాలేజీ పేరు చూసి కాదనలేదని, నువ్వసలు అప్లై చేయనే లేదని, నాన్న సాక్ష్యం చెప్పేశాక సీటు రాకపోతే దేవుడి పేరే పోతుందని చేతులాడలేదని. ఆదివారం లేచి ఆ మాటే చెబుతానంటున్నారు. హెప్సి ఎక్కడ చదవాలో హెప్సే చూసుకుంటుందట.

ఇన్నాళ్లూ తలుపు తీసి లోపలికి ఎందుకు వెళ్లలేదని అడిగాను. తను కనబడితే నువ్వు ఫోన్ పెట్టేస్తావని భయమట. అందుకని నాన్నా, ఇక మీదట చెల్లితో మాట్లాడేటప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడు. మీ నాన్నకి ఎడమ చెవి మందగించింది, మెట్ల దాకా సగం మాటలు అందడం లేదట.