పటమట ఎరువు గోతుల్లో నా సగం వాటా

నేను ఆసుపత్రి మంచం మీద పద్దెనిమిది రోజులు పడి ఉండగా, నా భాగస్వామి రామకోటేశ్వరరావు గారు మా ఎరువు యార్డుకి రావలసిన మార్కెట్ చెత్తను పదకొండు బండ్లు బందరు కాలువలో పోయించారు. నేను చచ్చిపోతానని ఆయన నమ్మారు. గోతులు పూడ్చి యూరియా గోడౌను కట్టడానికి కొలతలు కూడా వేయించారు. ముందు ఈ తప్పు రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను.

విజయవాడ పటమట కాపురస్తుడు, కీర్తిశేషులు మరియదాసు కుమారుడు, ఇరవయ్యారేళ్ళ అంతోని అనే నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నేను బడికి పోలేదు. చెత్తలో వచ్చే పాత పేపర్లు చదివి నేర్చుకున్న అక్షరాలివి. ప్లీడరు గారు దిద్దుతానన్నారు, వద్దన్నాను. నాకు టీబీ లేదు, క్యాన్సరూ లేదు. మొన్న డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, "నిమ్ము పట్టిందయ్యా, తగ్గిపోయింది. ఇంటికెళ్ళి అన్నం తిను" అన్నారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఊరికే గాలి పీల్చుకున్నాను. ఈ కాగితం లేకుండా పోయి ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసింది.

1. మా కంపెనీలో జాగా రామకోటేశ్వరరావు గారిది, పని నాది, వాటా చెరి సగం. నా తదనంతరం నా సగం యార్డులో పనిచేసే ఎనిమిది మందికీ ఉమ్మడిగా చెందాలి. ఏ ఒక్కరూ విడిగా అమ్ముకోకూడదు. ఎవరైనా పని మానేస్తే ఆ వాటా వాళ్ళ చోట్లోకి వచ్చినవాళ్ళకి పోతుంది.

2. షరతు ఒక్కటే. గవర్నర్‌పేట హోటళ్ళ విస్తరాకులు, మార్కెట్ కుళ్ళుకూరలు, అరటి బోదెలు మా గోతుల్లోనే ఎరువు కావాలి. చల్లపల్లి నుంచి అరటిగెలలు తెచ్చిన లారీలు ఖాళీగా తిరిగిపోతాయి గనక వాటిలోనే చేలకి పోవాలి. ఇది ధర్మసత్రం కాదు. ఎరువు అమ్ముతాం, కూలి తీసుకుంటాం, మిగిలిందానితో ఇంకో గొయ్యి తవ్వుతాం. యూరియా బస్తాల మీద ఇంతకన్నా మిగులుతుందని నాకూ తెలుసు. కానీ ఊరి చెత్త అప్పుడు ఎక్కడికి పోతుంది? కాలువలోకి. కింద ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే కడవల్లో ముంచుకుంటారు.

3. చల్లపల్లి రైతు బసవపున్నయ్య గారికి నా గునపం. మొదటి ఏడాది, లారీ ఖాళీగా పోతోందన్న తొందరలో మేం సగం చివికిన ఎరువు ఎక్కించేశాం. ఆయన నారుమడి మాడిపోయింది. మర్నాడే అరటిగెలల మీద కూర్చుని వచ్చాడు. "ఏరా, ఊళ్ళో పెంటంతా ఉడక్కుండానే వడ్డించావా నాకు?" అని నలుగురిలో తిట్టాడు. తిట్టడం అయ్యాక చొక్కా చెయ్యి మడిచి, నా చెయ్యి పట్టుకుని కుప్పలోకి మోచేతి దాకా దూర్చాడు. "కాలిందా? ఇది చల్లగా తగిలినప్పుడు పంపు." ఆ రోజు నుంచి చెయ్యి పెట్టి చూడందే ఒక్క తట్టా లారీ ఎక్కలేదు. నా తర్వాత కూడా ఎక్కకూడదు.

4. మణెమ్మకు నా గమ్ బూట్లు, తోలు గ్లవుజులు. చెత్తలో గాజుపెంకులు ఏరేది ఆవిడే. పన్నెండో బండి కాలువ గట్టుకి వచ్చినప్పుడు చక్రం ముందు చతికిలబడి, "ముందు నన్ను తోసి తర్వాత చెత్త తొయ్యండి నాయనా" అందట. బండివాడు భయపడి యార్డుకి తోలాడు. ఆవిడ వల్లనే గోతులు ఇంకా బతికి ఉన్నాయి. బూట్లు పెద్దవవుతాయి, వేళ్ళ వైపు గుడ్డలు కుక్కుకోవాలి.

5. మా అమ్మ తెరేసమ్మకు నా ట్రాన్సిస్టరు. ఆసుపత్రిలో నా కాళ్ళ దగ్గర కూర్చుని జపమాల తిప్పింది. మధ్యమధ్య ఆపి, "వర్షంలో గొయ్యి తవ్వమని ఏసుప్రభువు చెప్పాడట్రా నీకు?" అని తిట్టింది. ఆ తిట్లకే లేచాననుకుంటున్నాను.

6. రామకోటేశ్వరరావు గారికి నా కొత్త జేబురుమాలు. యార్డులో అడుగుపెట్టినప్పుడల్లా ముక్కుకి అడ్డం పెట్టుకునేది ఈ మూడేళ్ళలో పాతబడి ఉంటుంది. అయినా ఒక మాట రాయాలి. చెత్త అంటే ఎవరూ గుమ్మం ఎక్కనివ్వనప్పుడు జాగా ఇచ్చింది ఆయనే. అందుకే కోర్టుకి పోకుండా ఈ కాగితం రాస్తున్నాను.

7. దీన్ని అమలు జరపవలసినవారు పటమట బడిలో పాఠాలు చెప్పే సంజీవరావు మాస్టారు. సాక్షులకి ఏమీ రాసిపెట్టకూడదని చట్టమట. అందుకే మణెమ్మ వేలిముద్ర తీసుకోలేదు. ఆవిడ అలిగింది.

8. ఇందులో దాపరికం లేదు. నకలు రామకోటేశ్వరరావు గారికి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అయ్యా, యార్డు జాగా ఆ ఎనిమిది మంది పేర పదేళ్ళకి లీజు రాసి సంతకం చెయ్యండి. లేదా చెయ్యనని రాసి పంపండి. మధ్యవర్తుల చేత కబురు వద్దు. గడువు జూన్ 29, శనివారం, సాయంత్రం ఐదు గంటలు. బసవపున్నయ్య గారు చల్లపల్లి రోడ్డు పక్కన మెరక జాగా చూపించారు. ఐదు దాటితే కుప్పలు లారీలకెత్తుకుని మేం కదులుతాం. అప్పుడు మీ జాగా మీకుంటుంది, ఊరి చెత్త కూడా మీ గుమ్మం ముందే ఉంటుంది.

విజయవాడ, 1974 జూన్ 17, సోమవారం
(సంతకం) మ. అంతోని

మా ఎదుట చదివి సంతకం చేశాడు, మేమూ అతని ఎదుటే చేశాం:
వెంకటప్పయ్య, లారీ డ్రైవరు, చల్లపల్లి
జాన్‌బాబు, కాంపౌండరు, పటమట