బావినీళ్లలో ఉప్పు

లిన్నేయా, మన గోట్లాండ్ దీవి నీటివాడకం భూమి భరించగల హద్దు దాటలేదని నీ ప్రోగ్రాం చెప్పిందన్నావు. దాటిందే పిల్లా. అది ఏడాదంతా ఇక్కడుండేవాళ్లనే లెక్కపెట్టింది; వేసవి ఇళ్లవాళ్ల పేర్లు స్టాక్‌హోం జాబితాలో ఉంటాయి, స్నానాలు మాత్రం మన నీళ్లతో. నిన్న పక్కింటి సిక్స్టెన్ నా కాఫీ ఒక గుక్క తాగి, "కళ్లు పోయాయా పెద్దమ్మా? చక్కెరనుకుని ఉప్పేశావు!" అన్నాడు. నేనేమీ వేయలేదు. నీళ్లు అతిగా తోడేసరికి సముద్రం బావిలోకి వచ్చేసింది. వచ్చే సోమవారం ఊరి సభవాళ్లు నీ ప్రోగ్రాం గీసిన పటం చూసి మరో నలభై వేసవి ఇళ్లకు అనుమతి ఇస్తారట. ఆలోగా ఈ వేసవివాళ్లనీ కలిపి లెక్క మళ్లీ కట్టు. మీ అమ్మ మోకాలు ఎలా ఉంది? అందరికీ దీవెనలు. రేపటి ఓడలో జామ్ సీసాలో బావినీళ్లు పంపుతున్నాను. రేవుకు వెళ్లి తీసుకుని నేరుగా పరీక్షకు ఇవ్వు, రుచి చూడకు.

అమ్మమ్మ