ప్లేటులో లేని గొంతు

కల్లూరు,
1957 ఆగస్టు

కృపమణి వదినకు,

బేతంచెర్లలో కూతురింట్లో నీ దగ్గు తగ్గిందో లేదో అని రోజూ దిగులే. మన కలుపు పాట మద్రాసులో గ్రామఫోను ప్లేటయి వచ్చింది. మీ ఊరికి కూడా వస్తుంది. నువ్వు వినకముందే చెప్పాలని రాస్తాండా.

ముప్పై ఏండ్లు చేనిలో నేను ఎత్తుకుంటే నువ్వు అందుకొన్నావు. ప్లేట్ల కంపెనీలో వాయించే మా అక్క కొడుకు లేవి నన్ను మద్రాసుకు పిలుచుకొని పోతే, కంపెనీ ఆయన అడిగినాడు, "అందుకొనేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అవ్వా?" అని. లేరని చెప్పినా వదినా. ప్లేటులో పట్టేది మూడు నిమిషాల పాటే. మధ్యలో నువ్వు దగ్గితే ఇద్దరినీ పంపించేస్తారని భయపడినా. నువ్వు అందుకొనే చోటల్లా లేవి కరెంటు వాయిద్యం మెట్లు నొక్కి వాయించినాడు.

నిన్న హోటలు కాడ ప్లేటు వేస్తే అందరూ ఆ మోతకు "భలే ఉండాదే" అన్నారు. మన పాట చేనిలో విన్న తిమ్మయ్య ఒక్కడే, "కృపమణి యాడ పాయ?" అన్నాడు. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొని వచ్చేసినా.

ఇంకో పాటకు రమ్మని కంపెనీ నుంచి జాబు వచ్చింది. ఇద్దరమని రాస్తే నా అబద్ధం బయటపడుతుంది. పడితే పడనీ. నువ్వు వస్తానంటేనే పోతా. దగ్గు వస్తే అదీ ప్లేటులో పడనీ.

నీకు ముఖం చూపించలేని
వదిన