ఏవండీ అని పిలిస్తే

1984 జూలై, శనివారం రాత్రి. సౌత్ డకోటా.

మా ఊరు ట్రాయ్‌లో బయల్దేరి ఆరు రోజులైంది. చక్రాల మీది ఇల్లులాంటి ఈ మోటార్‌హోమ్‌లో ఆయనకీ నాకూ మధ్య నాలుగడుగుల దూరం కూడా లేదు. అయినా ఇవాళంతా ఆయన నాతో అన్నవి రెండే మాటలు. "మ్యాప్ ఇలా ఇవ్వు." "బండికి గ్యాస్ కొట్టించాలి."

పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఆయన్ని నేను పేరు పెట్టి పిలవను. ఎప్పుడూ "ఏవండీ" అనే. చిన్నప్పట్నుంచీ అది వింటూ పెరిగిందేమో, మా కుక్క బ్రౌనీ ఆ పిలుపు తనకే అనుకుంటుంది. కాలేజీకి వెళ్లకముందు మా అమ్మాయి అది చూసి పడీ పడీ నవ్వేది. ఆయనా నవ్వేవారు.

సాయంత్రం ఆయన లేక్ ఒడ్డున కుర్చీ వేసుకుని అటు తిరిగి కూర్చున్నారు. ఉప్మా పెట్టి, బండి మెట్టు మీంచి "ఏవండీ" అన్నాను. బ్రౌనీ పరిగెత్తుకొచ్చింది.

"నువ్వు కాదే," అని మళ్లీ గట్టిగా పిలిచాను. ఆయన తల తిప్పలేదు. వినపడలేదని రాసుకుంటే బాగుండేది. కానీ మొదటి పిలుపుకే ఆయన భుజం కదలడం చూశాను.

ఉప్మా చల్లారిపోయింది. మెట్టు మీద కూర్చుని బ్రౌనీ తల నిమిరాను.

"ఏవండీ, రండి, తిందాం," అన్నాను. ఈసారి దాన్నే పిలిచాను.